నొప్పి తగ్గింది కదా అని బిందె ఎత్తకండి
భుజం ఆపరేషన్ తర్వాత కోలుకోవడంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ రొటేటర్ కఫ్ ఆపరేషన్ గురించే. భుజం కీలును నాలుగు కండరాలు (వీటినే కలిపి రొటేటర్ కఫ్ అంటారు) ముందు నుంచి, పై నుంచి, వెనక నుంచి పట్టి ఉంచుతాయి. వాటి కొసలు గట్టి టెండన్లుగా మారి చేతి ఎముక తలకు అతుక్కుని ఉంటాయి. టెండన్ చిరిగినప్పుడు ఎముకలోకి చిన్న మేకుల్లాంటి యాంకర్లు దించి, వాటికున్న దారాలతో చిరిగిన కొసను మళ్లీ ఎముక మీదికి లాగి కుడతారు. థియేటర్లో పని గంటా రెండు గంటల్లో అయిపోతుంది. కుట్టిన టెండన్ ఎముకతో అతుక్కోవడానికి మాత్రం సుమారు 12 వారాలు కావాలి. పూర్తి బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అంతదాకా దాన్ని పట్టి ఉంచేది ఆ దారాలే. కింది జవాబుల్లో ‘ఇది చేయొద్దు’ అన్న ప్రతిచోటా కారణం ఇదే.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కుడి భుజానికి కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల ద్వారా చేసేది) అయి మూడు వారాలైంది. పగలు బాగానే ఉంటున్నారు. రాత్రి పడుకుంటే చాలు, గంటకోసారి లేచి కూర్చుంటున్నారు. ఆపరేషన్ సరిగా జరగలేదేమోనని భయంగా ఉంది. – ఒక సోదరి, ఖమ్మం

మూడో వారంలో రాత్రి నొప్పి చాలామందికి ఉంటుంది. ఆపరేషన్ విఫలమైందని దానికి అర్థం కాదు. మొదటి ఆరు వారాలు నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే, కొందరికి మూడు నెలల దాకా కూడా సాగుతుంది. అయితే మీ నాన్నగారి బాధలో చాలా భాగం పడుకునే తీరు మార్చితేనే తగ్గవచ్చు.

వెల్లకిలా చదునుగా పడుకుంటే చేయి తన బరువుకు తానే వెనక్కి జారుతుంది. మోచెయ్యి ఒంటి కంటే కిందికి వెళ్తుంది. అప్పుడు ముందువైపు, పైవైపు కుట్టిన భాగం సాగి లాగుతుంది. అందుకే 30 నుంచి 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టండి. ఇంట్లో పడక కుర్చీ ఉంటే దానికి మించింది లేదు. లేకపోతే మంచాన్ని గోడకు జరిపి, గోడకు ఒక గట్టి దిండు నిలువుగా, దాని ముందు మరొకటి ఏటవాలుగా పెట్టండి. మోకాళ్ల కింద చిన్న దిండు ఉంచితే ఒళ్లు కిందికి జారదు. చాలా ఇళ్లలో ఇంతవరకు చేస్తారు, అసలైన దిండు మరిచిపోతారు. అది మోచేతి కిందది. మోచెయ్యి, దండచెయ్యి రెండూ ఆనేలా మడత పెట్టిన తువ్వాలు గానీ పలుచని దిండు గానీ పెట్టండి. పడుకున్న చోటి నుంచి తల వంచి చూస్తే ఆయనకు తన మోచెయ్యి కనపడాలి. కనపడకపోతే అది వెనక్కి జారినట్టే, ఇంకో మడత వేయండి.

స్లింగ్ (చేతిని మోసే పట్టీల సంచి) రాత్రి కూడా ఉండాల్సిందే. నిద్రలో చేయి ఎటు విసురుతామో మనకు తెలియదు. కట్టే తీరు ఒకసారి గమనించండి. మోచెయ్యి సంచి చివరిదాకా వెళ్లి కూర్చోవాలి, మణికట్టు మోచేతితో సమానంగా గానీ కాస్త పైకి గానీ ఉండాలి. మణికట్టు సంచి బయట వేలాడుతుంటే వేళ్లు వాస్తాయి. మెడ మీద పట్టీ బిగుసుకుంటే మెడ నుంచి భుజం పైభాగం దాకా పట్టేస్తుంది, దాన్నే ఆపరేషన్ నొప్పి అనుకుంటారు. పట్టీ కింద మెత్తని బట్ట పెట్టి, బరువు మెడ మీద కాకుండా నడుముకు కట్టే పట్టీ మీద పడేలా సర్దండి.

నొప్పి మాత్ర వేళ కూడా చూడండి. రాత్రి ఎనిమిదింటికి అన్నంతోపాటు వేసుకుంటే ఒంటిగంటకో రెండింటికో దాని ప్రభావం తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే మెలకువ వస్తుంది. డాక్టరు రాసిన మోతాదునే పడుకోవడానికి అరగంట, ముప్పావుగంట ముందుకు మార్చుకోవచ్చేమో అడగండి. పడుకునే ముందు 15 నుంచి 20 నిమిషాలు ఐస్ పెట్టండి. ఐస్‌ను ఎప్పుడూ పలుచని బట్టలో చుట్టే పెట్టాలి. ఫ్రీజర్లో ఉంచిన బఠాణీ ప్యాకెట్ అయితే భుజం ఒంపుకు చక్కగా ఒదుగుతుంది. కుట్ల మీద చెమ్మ తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ కవరు వేయండి. ఈ దశలో వేడి కాపడం వద్దు.

ప్రశ్న: నొప్పి మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు పోతాయని ఇంట్లోవాళ్లు అంటే ఐదో రోజునే అన్నీ ఆపేశాను. ఇప్పుడు ఎక్సర్‌సైజులు చేయలేకపోతున్నాను. – ఒక పాఠకుడు, భీమవరం

అన్నీ ఒక్కసారి ఆపడం వల్ల జరిగిన నష్టం మీరే రాశారు. నొప్పికి భయపడి చేయి కదల్చకపోతే కీలు బిగుసుకుంటుంది, బిగుసుకున్న కీలు ఇంకా నొప్పెడుతుంది. ఇంట్లోవాళ్ల భయంలో నిజం లేకపోలేదు. అయితే అది అన్ని మాత్రలకూ ఒకేలా వర్తించదు.

కిడ్నీల విషయంలో జాగ్రత్త పడాల్సింది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి వాటితో. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, బీపీ మాత్రలతోపాటు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకునేవాళ్లు వీటిని సొంతంగా కొని వాడకూడదు. టెండన్ అతుక్కోవడాన్ని ఇవి నెమ్మదింపజేయవచ్చన్న ఆలోచనతో కొందరు సర్జన్లు మొదటి వారాల్లో వీటిని రాయరు కూడా. మీ చీటీలో లేకపోతే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

పారాసిటమాల్ సరైన మోతాదులో కిడ్నీలకు చాలా వరకు సురక్షితం, దానితో వచ్చే ప్రమాదం మోతాదు మించితే కాలేయానికి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠంగా 4,000 మిల్లీగ్రాములు. బక్కపలుచని వాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. చిక్కెక్కడ వస్తుందంటే, మన దగ్గర దొరికే చాలా జంట మాత్రల్లో పారాసిటమాల్ ఇమిడి ఉంటుంది. అసిక్లోఫెనాక్ జంట మాత్రలో 325, ట్రమడాల్ (బలమైన నొప్పి మందు) జంట మాత్రలో 325 ఉండటం మామూలు. ఈ రెండూ రోజుకు రెండేసి వేసుకుని, పైగా 650 మాత్ర నాలుగుసార్లు మింగితే మొత్తం 3,900 అవుతుంది. ఇంకొక్క మాత్రతో హద్దు దాటిపోతుంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రాసింది చదివి, రోజు మొత్తాన్ని కాగితం మీద కూడుకోండి.

ట్రమడాల్ ఉంటే మలబద్ధకం, వికారం, తల తిరగడం రావచ్చు. రాత్రి బాత్రూముకు లేచి తూలి పడితే, ఆనుకోవడానికి అసంకల్పితంగా ముందుకొచ్చేది ఆపరేషన్ అయిన చెయ్యే. మంచం దిగేముందు ఒక నిమిషం కూర్చోండి, దారిలో లైటు వేసి ఉంచండి. తగ్గించేటప్పుడు ముందు పగటి ట్రమడాల్, తర్వాత రాత్రిది, చివరికి పారాసిటమాల్ అన్న వరుస చాలామందికి కుదురుతుంది. ఎక్సర్‌సైజుకు ముప్పావుగంట ముందు వేసుకునే పారాసిటమాల్‌ను అన్నిటికంటే ఆఖరున మానండి. మీ డాక్టరుకు ఫోన్ చేసి ఈ వరుస మీకు సరిపడుతుందో లేదో అడిగి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: వచ్చే నెల నాకు కుడి భుజం ఆపరేషన్. ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? – ఒక గృహిణి, కర్నూలు

ఇప్పుడే అడగడం మంచిదైంది. ఈ రోజు నుంచే ఎడమ చేత్తో పళ్లు తోముకోవడం, తినడం అలవాటు చేసుకోండి. అందరూ అడగడానికి సిగ్గుపడే సంగతి మరుగుదొడ్డి. ఫాసెట్ ఎడమ చేతికి అందుతుందా, పొట్టి మగ్గు ఎటువైపు పెట్టాలి అన్నది ముందే చూసుకోండి. కింద కూర్చునే దొడ్డి అయితే లేచేటప్పుడు చేతులు నేలకు ఆనించాల్సి వస్తుంది. ఆరు వారాలకు కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చుకోండి.

ముందువైపు జిప్పున్న వదులు నైటీలు, ముందు హుక్కుల జాకెట్లు తీసి పెట్టుకోండి. వేసుకునేటప్పుడు ఆపరేషన్ చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివరగా తీయాలి. ఆ చేతి గాజులు, ఉంగరాలు ఇంట్లోనే తీసేసి వెళ్లండి. వాపు వచ్చాక ఉంగరాన్ని కత్తిరించి తీయాల్సిన పరిస్థితి రాకూడదు. రోజూ వాడే పప్పు డబ్బా, గ్లాసులు, మందులు నడుము ఎత్తున ఉన్న అరలోకి దింపండి.

ఆపరేషన్‌కు ముందు మెడ పక్కన ఇచ్చే మత్తు ఇంజక్షన్ వల్ల చేయి సాధారణంగా 12 నుంచి 24 గంటలు మొద్దుబారి ఉంటుంది. ఆ వైపు కనురెప్ప కాస్త వాలడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి కొంచెం తక్కువగా ఆడినట్టుండటం కూడా దీని వల్లనే. మత్తు దిగుతూనే ఇవీ పోతాయి. ఊపిరి అందక ఇబ్బందైతే మాత్రం వెంటనే చెప్పాలి. మొదటి రాత్రి అందరూ ఒకచోటే దెబ్బతింటారు. నొప్పి లేదు కదా అని మాత్ర వేసుకోకుండా నిద్రపోతారు. తెల్లవారుజామున మత్తు ఒక్కసారిగా దిగిపోయి, నొప్పి ముంచుకొస్తుంది. అప్పుడు వేసుకున్న మాత్ర పనిచేయడానికి గంట పడుతుంది. చేయి మొద్దుగా ఉన్నప్పుడే, డాక్టరు చెప్పిన వేళకు మొదటి మోతాదు వేసుకోండి. మొద్దుబారినంతసేపు చేయి స్లింగ్‌లోనే ఉండాలి, వేడి వస్తువు దగ్గరికి వెళ్లకూడదు.

కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అంతవరకు కట్టు తడవకూడదు. మన ఎండలకు చంకలో చెమట నిలిచి ఒరుసుకుపోతుంది, అయినా శుభ్రం చేయడానికి చేయి పైకెత్తకండి. ఎడమ చేత్తో బల్ల పట్టుకుని నడుము వంచితే, కుడి చేయి దానంతట అదే ఒంటికి దూరంగా వేలాడుతుంది. తడి బట్టతో తుడిచి, పొడి బట్టతో అద్దండి.

ప్రశ్న: నాలుగో రోజు నుంచి చేయి మోచేతి దాకా నల్లగా కమిలింది, వేళ్లు వాచాయి. ఇది ఇన్‌ఫెక్షనా? – ఒక పాఠకుడు, వరంగల్

భుజంలో చిమ్మిన రక్తం, కీహోల్ కోసం పంపిన నీరు బరువుకు కిందికి దిగుతాయి. కమిలిన రంగు నలుపు, ఊదా, పసుపుగా మారి రెండు మూడు వారాల్లో పోతుంది. పగలు ప్రతి గంటకూ పది పన్నెండుసార్లు పిడికిలి బిగించి వదలండి, మణికట్టు తిప్పండి. మోచెయ్యి చాపి ముడవడం కూడా మంచిదే, కానీ బైసెప్స్ (దండచేతి ముందువైపు కండరం) టెండన్‌ను కూడా కుట్టి ఉంటే సర్జన్ చెప్పేదాకా మోచెయ్యి సొంత బలంతో ముడవకూడదు. డిశ్చార్జి కాగితంలో ‘బైసెప్స్ టెనోడెసిస్’ అని ఉందేమో చూసుకోండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి వేరు: జ్వరం, చలి; కుట్ల చుట్టూ ఎరుపు రోజురోజుకూ పెరగడం, చీము కారడం; వేళ్లు చల్లబడి పాలిపోవడం లేదా నీలం తిరగడం; రెండు రోజులు దాటినా తిమ్మిరి తగ్గకపోవడం; పిక్క వాచి నొప్పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం. చేయి చర్మం నిగనిగలాడుతూ, ముట్టుకుంటేనే ఓర్చుకోలేనంత మంట పెడుతుంటే అది నరాలకు సంబంధించిన ఇబ్బంది కావచ్చు, దానికి తొందరగా చికిత్స మొదలుపెడితేనే మేలు.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండు నెలలైంది. స్లింగ్ తీసేశారు, నొప్పి దాదాపు లేదు. ఇంటిపనంతా మొదలుపెట్టొచ్చా? అత్తగారికి ఒంట్లో బాగుండదు, నీళ్లు కూడా నేనే పట్టాలి. – ఒక సోదరి, అనంతపురం

ఈ నెల మీకు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన నెల. మొదటి వారాల్లో నొప్పే మిమ్మల్ని కాపాడింది, చేయి ఎత్తనివ్వలేదు. ఇప్పుడు నొప్పి తగ్గిపోయింది, టెండన్ మాత్రం ఇంకా ఎముకలో పూర్తిగా పాతుకోలేదు. మళ్లీ చిరగడమనేది ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. కొన్నిసార్లు నొప్పి లేకుండానే చిరుగుతుంది కాబట్టి ‘నొప్పెడితే ఆపేస్తాలే’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

పదిహేను లీటర్ల బిందె నిండితే నీళ్లే 15 కిలోలు. అంత బరువు అక్కర్లేదు, లీటరు సీసాను చేయి చాచి పట్టుకున్నా భుజం మీద పడే లాగుడు చాలా ఎక్కువ. బరువు ఒంటికి ఎంత దూరమైతే టెండన్ అంత ఎక్కువ లాగాలి. కాబట్టి 12 వారాల వరకు ఒకటే కొలత: మోచెయ్యి ఒంటికి ఆని ఉన్నప్పుడు చేయగలిగిన తేలిక పనులు మాత్రమే. టీ గ్లాసు, పళ్లెం, కూర కలపడం, కూర్చుని కూరగాయలు తరగడం, ఫోన్. అంతే.

మీకు చిన్న పనులుగా కనిపించేవే ప్రమాదం. కుక్కర్ మూత బిగించి తిప్పడం, చపాతీ పిండి పిసకడం, బట్టలు పిండడం, తీగ మీద ఆరేయడం, తడి గుడ్డతో ఇల్లు తుడవడం, పై అరలో డబ్బా అందుకోవడం, గ్యాస్ బండ జరపడం. నేల మీంచి లేచేటప్పుడు ఆ చేతిని ఆనించడం. పడబోతున్న పిల్లాణ్ని ఒక్క ఉదుటున పట్టుకోవడం. ఇలాంటి అదాటు లాగుళ్లు నెమ్మదిగా ఎత్తే బరువు కంటే చెడ్డవి.

12 వారాలకు సర్జన్ చూసి సరే అన్నాక రబ్బరు బ్యాండుతో బలం పెంచే వ్యాయామాలు మొదలవుతాయి. నాలుగైదు నెలలకు ఒంటికి దగ్గరగా పట్టుకుని చిన్న చెంబు, సగం బకెట్. బిందె, గ్యాస్ బండ ఆరు నెలల తర్వాతే, అదీ అడిగి. చిరుగు పెద్దదైతే ఇంకా ఆలస్యం కావచ్చు. అంతవరకు నీళ్లు ఇంకెవరైనా పట్టాలి. ఎవరూ లేకపోతే పైపు వేసి డ్రమ్ములోకి నింపుకుని, మంచి చేత్తో చెంబుతో తీసుకోండి. ఇంట్లోవాళ్లకు ఈ పేజీ చదివి వినిపించండి. స్లింగ్ తీసేశారు కదా, తగ్గిపోయింది అనుకోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. ఆపరేషన్ అయి నాలుగు నెలలు. చేయి ముందుకు లేస్తోంది కానీ వెనక్కి వెళ్లడం లేదు, జడ వేసుకోలేను. ఫిజియో గట్టిగా లాగితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బంధువులు నూనె మర్దన చేయించి కట్టు కట్టించమంటున్నారు. – ఒక ఉపాధ్యాయురాలు, ఏలూరు

చేయి వీపు వెనక్కి వెళ్లడం అందరికీ చివరగానే వస్తుంది. ఆరు నుంచి తొమ్మిది నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందులో షుగర్ ఉన్నవాళ్లకు కీలు చుట్టూ ఉన్న పొర ఎక్కువగా బిగుసుకుంటుంది. థైరాయిడ్ లోపం ఉన్నా అంతే. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించండి. షుగర్ అదుపులో లేకుండా ఎంత వ్యాయామం చేసినా సగమే ఫలితం.

కళ్లలో నీళ్లు తిరిగేలా లాగించుకోవద్దు. అంత నొప్పికి కండరాలు రక్షణగా బిగుసుకుంటాయి, మర్నాడు వాపుతో చేయి ఇంకా తక్కువ లేస్తుంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. వ్యాయామంలో మూడు నాలుగు దాకా ఫర్వాలేదు, గంటలో సర్దుకోవాలి. మర్నాటి పొద్దుటికి కూడా మిగిలి ఉంటే, ఆ రోజు లెక్క సగానికి తగ్గించండి, మానేయకండి. వారానికి రెండుసార్లు క్లినిక్‌లో గట్టిగా లాగడం కంటే ఇంట్లో రోజుకు మూడు నాలుగు విడతలు, పదేసి నిమిషాలు మెల్లగా సాగదీయడం మేలు.

మొదట పది నిమిషాలు వేడి కాపడం, ఈ దశలో పెట్టొచ్చు. తర్వాత వెల్లకిలా పడుకుని కర్రను రెండు చేతులా పట్టుకుని, మంచి చేతి బలంతో రెండో చేతిని తల మీదుగా పైకి తీసుకెళ్లండి. తలుపు పైన కప్పీ కట్టి, తాడు రెండు కొసలూ పట్టుకుని లాగినా ఇదే పని. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకండి, ఎంతవరకు వెళ్లిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వీపు కోసం తువ్వాలును మంచి భుజం మీదుగా వెనక్కి వేసి, కింది కొసను ఆపరేషన్ చేత్తో పట్టుకుని, పై చేత్తో మెల్లగా పైకి లాగి 15 నుంచి 30 సెకన్లు ఆపండి. ఇది 12 వారాలు దాటాకే, మీ సర్జన్ ఒప్పుకుంటేనే. ఒక్కొక్కటి పదిసార్లు.

అద్దం ముందు చేసి చూసుకోండి. చేయి ఎత్తేటప్పుడు భుజం చెవి వైపు లేస్తోందంటే కీలు కదలడం లేదు, రెక్క ఎముక దాని పని చేస్తోంది. అలా తల పైదాకా ఎత్తడం కంటే, భుజం లేవకుండా ఛాతీ ఎత్తు వరకు ఎత్తడం వెయ్యి రెట్లు నయం.

మర్దన సంగతి. మెడ, ముంజేయి మీద తేలిగ్గా నూనె రాయించుకుంటే నష్టం లేదు. భుజం మీద నొక్కి, మెలిపెట్టి, ‘టక్’మనిపించే మర్దన మాత్రం కుట్టిన చోటును తెంపగలదు. పుత్తూరు కట్టు లాంటివి విరిగిన ఎముక కదలకుండా ఉంచడానికి కట్టేవి. మీ ఇబ్బంది కదలిక లేకపోవడమే, కట్టు దాన్ని పెంచుతుంది. ఇంకో రెండు నెలలు ఇలా చేసినా మార్పు లేకపోతే సర్జన్ కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ గురించి ఆలోచించవచ్చు. ఇచ్చాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే మీ షుగర్ డాక్టరుకు చెప్పి ఉంచండి.

ప్రశ్న: పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, గోంగూర అన్నీ మాన్పించారు. చారన్నం మీదే ఉన్నాను. ఎన్నాళ్లు ఈ పథ్యం? – ఒక పాఠకుడు, సూర్యాపేట

ఈ రోజుతో ఆపేయండి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. టెండన్ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, చారన్నంలో అవి చాలా తక్కువ. 60 కిలోల మనిషికి కోలుకునే రోజుల్లో సుమారు 70 నుంచి 90 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు, గిన్నెడు గట్టిపప్పులో ఏడెనిమిది, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పాతిక, వంద గ్రాముల వండిన చికెన్‌లో పాతికకు పైనే. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. మానాల్సింది బీడీ, సిగరెట్. పొగ ఆ చోటికి రక్తాన్ని తగ్గించి అతుకును ఆలస్యం చేస్తుంది.

ప్రశ్న: కబడ్డీ ఆడుతూ భుజం నాలుగుసార్లు జారితే బ్యాంకార్ట్ ఆపరేషన్ చేశారు. వయసు 20. నెలన్నరకే నొప్పి లేదు. ఎప్పుడు ఆడొచ్చు? – ఒక విద్యార్థి, నిజామాబాద్

మీది రొటేటర్ కఫ్ కాదు, కీలు గిన్నె అంచును తిరిగి కుట్టిన ఆపరేషన్. మీకు ప్రమాదం బరువు కంటే భంగిమలో ఎక్కువ. చేయి పక్కకు ఎత్తి ముంజేయి వెనక్కి తిప్పే భంగిమ, అంటే బంతి విసరబోయేముందు ఉండేది, సర్జన్ చెప్పేదాకా పూర్తిగా నిషిద్ధం. చొక్కా తొడుక్కునేటప్పుడూ, నిద్రలో చేయి తల కింద పెట్టుకునేటప్పుడూ తెలియకుండానే అది వస్తుంది. పరుగు, కాళ్ల వ్యాయామాలు సర్జన్ అనుమతితో ముందే మొదలుపెట్టొచ్చు. పట్టుకుని లాగే ఆటకు ఆరు నెలలు తక్కువ కాదు. అప్పుడు కూడా తేదీ చూసి కాదు, రెండు భుజాల బలం దాదాపు సమానమైందని పరీక్షించాకే. మీ వయసులో మళ్లీ జారే అవకాశం ఎక్కువ, అందుకే ఈ సీజన్ వదులుకోమని గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: స్కూటీ ఎప్పుడు నడపొచ్చు? – ఒక బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

స్లింగ్ ఉన్నంతకాలం కారూ వద్దు, స్కూటీ వద్దు. కారు సాధారణంగా ఆరు నుంచి 12 వారాల మధ్య, రెండు చేతులతో స్టీరింగ్ అదుపు చేయగలిగినప్పుడు. స్కూటీ అంతకంటే ఆలస్యం. గుంతలో చక్రం పడితే హ్యాండిల్ కుదుపు నేరుగా భుజానికే వస్తుంది, సెంటర్ స్టాండ్ వేయడానికి బండిని వెనక్కి లాగడం పెద్ద బరువు ఎత్తడమే. మూడు నెలలు దాటాక, ఆగి ఉన్న బండి మీద కూర్చుని బ్రేకు గట్టిగా నొక్కి, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. నొప్పి గానీ తడబాటు గానీ లేకపోతే సర్జన్‌ను అడిగి మొదలుపెట్టండి. మొదటి నెల సైడ్ స్టాండే వాడండి. అంతవరకు ఆటోలో వెళ్లినా, ఆపరేషన్ భుజం లోపలివైపు ఉండేలా కూర్చోండి. బస్సులో పై రాడ్డు పట్టుకుని నిలబడకండి.